ఊఁ కొట్టేవాళ్లు

మా ఇంట్లో పుస్తకాల అల్మారా పై అరలో ఒక పాత హార్లిక్స్ సీసా ఉంది. దాంట్లో సగం దాకా చింతగింజలు. పోయిన సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే మా అమ్మాయి దాన్ని కిందికి దించి, "డాడీ, ఇవి అష్టాచెమ్మా గింజలా?" అని అడిగింది. కాదు అన్నాను. మరి ఎందుకు దాచావంది. చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద చాయ మరిగి మరిగి సగమైంది కానీ నా మాట తెగలేదు. ఆ రోజు తనకు చెప్పిందే ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా ఊళ్లో, ఇంటర్ నర్సంపేటలో, అంతా తెలుగు మీడియమే. 1994లో హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేరాను. కుమార్‌పల్లిలో ముగ్గురం కలిసి ఒక రూము తీసుకున్నాం. నెలకోసారి ఇంటి నుంచి బియ్యం సంచి బస్సు మీద వేసుకుని వచ్చేవాణ్ని. క్లాసులో లేచి ఒక ప్రశ్న అడగాలంటే నాకు గుండె దడదడ కొట్టుకునేది. అడగాలనుకున్న ప్రశ్న నోట్సు వెనక పేజీలో రాసుకుని, బెల్లు కొట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్న రోజులు ఎన్నో.

అయినా మొదటి ఏడాదే వక్తృత్వ పోటీకి పేరిచ్చాను. బడిలో ఉన్నప్పుడు ఆగస్టు 15కి ప్రసంగాలు బట్టీ పట్టి చెప్పిన అలవాటుంది కదా, అదే ధైర్యం. అంశం 'జాతీయ సమైక్యత - యువత పాత్ర'. ఒక వ్యాసాల పుస్తకంలోంచి నాలుగు పేజీలు దింపుకుని, పదిహేను రోజులు పొద్దున లేవగానే, పడుకునే ముందు అప్పజెప్పుకున్నాను. 1995 ఫిబ్రవరిలో పోటీ. వేదిక ఎక్కి, "గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, న్యాయనిర్ణేతలకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు" అన్నాను. తర్వాత మూడు వాక్యాలు నీళ్లలా వచ్చాయి. నాలుగో వాక్యం మొదటి మాట రాలేదు.

బట్టీ పట్టిన ప్రసంగం పూసలదండ లాంటిది. ఒక్క పూస జారితే మిగతావన్నీ కింద పడతాయి. ఐదో వాక్యం ఏమిటో నాకు తెలుసు, పదోది కూడా తెలుసు. కానీ నాలుగోది దాటకుండా అక్కడికి వెళ్లే దారి లేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మొదటి వరుసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో వెనక నుంచి "దిగు, దిగు" అన్నారు. మైకు పట్టుకున్న చెయ్యి వణకడం అందరికీ కనబడుతోందని అర్థమై, ఇంకా వణికింది. దిగి నేరుగా సైకిల్ స్టాండు దగ్గరికి నడిచాను. ఆ రాత్రి అన్నం తినలేదు. డిగ్రీ మానేసి ఊరెళ్లిపోదామని కూడా అనుకున్నాను.

ఆ హాల్లో వెనక వరుసలో మా ఇంగ్లీషు సార్ ఉన్నారట. ఆయన అప్పటికి యాభై దాటినవారు. చేతులు మడిచిన తెల్లచొక్కా, లూనా బండి, ముందు బుట్టలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం. సోమవారం వరండాలో నన్ను ఆపి, పోటీ గురించి ఒక్క మాట కూడా అనలేదు. "శనివారం నాలుగింటికి పదకొండో నంబరు రూముకు రా. కాయితాలేవీ తేకు. ఒట్టి చేతులతోని రా," అన్నారు.

వెళ్లేసరికి అక్కడ తొమ్మిదిమంది ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. ఒకడికి నత్తి. ఒకడు నాలాగే స్టేజీ మీంచి దిగి వచ్చినవాడు. ఇద్దరమ్మాయిలు హాజరు పలకడానికి కూడా గొంతు పెగలనివాళ్లు. బెంచీలన్నీ గోడకు జరిపి గుండ్రంగా కూర్చోబెట్టారు సార్. ఇవాళ ప్రసంగం నేర్పుతారని మేమందరం నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకున్నాం. ఆయన మాత్రం, "మీ అమ్మమ్మ రాత్రిపూట కథ చెప్తుంటే మీరేం చేసేటోళ్లు?" అని అడిగారు.

ఎవరూ మాట్లాడలేదు.

"ఊఁ కొట్టేటోళ్లు. అవునా? మీరు ఊఁ కొట్టుడు ఆపితే ఏమయ్యేది? నిద్రపొయిండ్రని ఆమె కథ ఆపేసేది. మాట్లాడేటోనికన్నా ముందు వినేటోడు కావాలె. ఈ రూముల మనం మొదట ఊఁ కొట్టుడు నేర్చుకుందాం."

మొదటి మూడు శనివారాలు అదే పని. ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు ఇంటి సంగతి ఏదైనా రెండు నిమిషాలు చెప్పాలి. రెండోవాళ్లు ముఖంలోకి చూస్తూ ఊఁ కొట్టాలి, అంతే. సలహా ఇవ్వకూడదు, మధ్యలో తమ సంగతి ఎత్తకూడదు. చెప్పేవాళ్లు ఆగిపోతే, ఎంతసేపైనా సరే, మాట అందించకూడదు. నవ్వడం అసలే లేదు. ఆగిన మాట కోసం ఎదురుచూడాలి, కావాలంటే ఇంకోసారి ఊఁ అనాలి. ఆ రూములో మాకున్న ఒకే ఒక్క కఠినమైన నియమం అదే. నత్తి ఉన్న మిత్రుడి వంతు వచ్చినప్పుడు మొదట్లో మా అందరికీ కష్టమయ్యేది. 'పరకాల' అనడానికి 'ప' దగ్గర ఆగిపోతే, మా నోళ్లు వాటంతటవే తెరుచుకునేవి. సార్ చెయ్యెత్తి ఆపేవారు. నాలుగైదు వారాలయ్యాక అతను ఒక సంగతి చెప్పాడు. పుట్టి పెరిగాక తన వాక్యాన్ని తానే ముగించింది ఈ రూములోనేనట. ఇంట్లో, బడిలో, బస్సులో, అందరూ ప్రేమతోనే అతని మాట లాక్కునేవాళ్లు.

చింతగింజలు ఆ తర్వాత వచ్చాయి. లేచి నిలబడి మూడు నిమిషాలు మాట్లాడాలి. పక్కన ఒకరు స్టీలు గ్లాసు, గుప్పెడు గింజలు పట్టుకుని కూర్చుంటారు. "అంటే", "మరి", "ఇగ", "ఏందంటే", "అన్నట్టు" అని ఊరికే దొర్లే ప్రతి మాటకూ గ్లాసులో ఒక గింజ. టింగు మని మోగుతుంది. మొదటిరోజు నా గ్లాసులో 31 గింజలు పడ్డాయి. అందులో సగానికి పైగా "అంటే"లే.

రెండో వారానికి సార్ ఒక విషయం గమనించారు. ఒకమ్మాయి టింగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడి, అప్పటిదాకా బాగా చెప్తున్నది కూడా మరచిపోతోంది. మరుసటి శనివారం గ్లాసు పోయి ఈ హార్లిక్స్ సీసా వచ్చింది, అడుగున గుడ్డపేలిక పరిచి. గింజ పడితే చప్పుడు కాదు. లెక్క కూడా అందరి ముందు చెప్పేది లేదు. అయిపోయాక చెవిలో చెప్పేవారు. ఎవరికి ఎన్ని పడ్డాయో పోల్చుకోనిచ్చేవారు కాదు, పోయిన వారం నీకెన్ని, ఈ వారం ఎన్ని, అంతే. ఇప్పుడు నేను చాలా శిక్షణ తరగతులు చూశాను కానీ, పిల్ల ఉలికిపాటు చూసి గ్లాసు మార్చిన మనిషిని మళ్లీ చూడలేదు.

గింజలు సున్నా కావాలని ఆయన ఎప్పుడూ అనలేదు. "గింజ పడే చోట నోరు మూసి గాలి పీల్చుకో. నువ్వు ఆగినవని నీకే గాని వినేటోళ్లకు ఎర్క గాదు. వాళ్లకు అది పుల్‌స్టాప్ లెక్క వినబడ్తది," అనేవారు. ఇది నిజంగా నిజం. వేదిక మీద నిలబడ్డవాడికి రెండు సెకన్ల మౌనం గంటంత పొడుగు. కింద కూర్చున్నవాడికి అది చెప్పిన మాట లోపలికి దిగే జాగా. అప్పుడు దేశానికి ప్రధాని మా వైపు మనిషి పి.వి. నరసింహారావు. వంగర ఆయనది, హన్మకొండలోనే చదువుకున్నారు. జవాబు చెప్పే ముందు ఆయన తీసుకునే వ్యవధి గురించి జనం రకరకాలుగా మాట్లాడుకునేవారు. మా సార్ మాత్రం, "ఆయనకు అన్ని భాషలు వచ్చు. అయినా మాటకు ముందు ఎట్ల ఆగుతుండో చూడుండ్రి," అనేవారు.

ఒక శనివారం సార్ జువాలజీ మేడంను పిలుచుకొచ్చారు. భయం వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో అరగంట చెప్పిందావిడ. పులిని చూసినా, సభను చూసినా ఒంటికి తేడా తెలియదట. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, పరుగెత్తడానికో తిరగబడటానికో కండరాలకు రక్తం ఎక్కువ పోతుంది, అందుకే చేతులు వణుకుతాయి. తిండి అరిగించే పని ఆ క్షణానికి పక్కన పడుతుంది కనుక నోట్లో ఉమ్మి తగ్గిపోతుంది, అందుకే నాలుక అతుక్కుంటుంది. ఏడాదిగా నేను పిరికివాణ్నని నా మీద నేనే వేసుకున్న నింద ఆ అరగంటలో దిగిపోయింది. నా ఒళ్లు తన పని తాను సక్కగానే చేసిందన్నమాట. ఆవిడ చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడతాను: లోపలికి పీల్చేదానికన్నా బయటికి వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, ఎనిమిది లెక్కపెడుతూ వదులు. రూములో చాప మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద తెలుగు అకాడమీ బోటనీ పుస్తకం పెట్టుకుని, అది లేచి దిగడం చూస్తూ నేర్చుకున్నాం.

గొంతు సాధన వడ్డేపల్లి చెరువు కట్ట మీద. ఒకరికొకరం ముప్పై అడుగుల దూరంలో నిలబడి అరవకుండా మాట వినిపించాలి. అరిస్తే గొంతు పదినిమిషాల్లో బొంగురుపోతుంది. కడుపులోంచి గాలి తెచ్చి, మాట చివర మింగకుండా పలికితే చాలు. తెలుగు వాక్యానికి ప్రాణమంతా చివరి క్రియలో ఉంటుంది కదా. 'చేశాడు', 'చేయలేదు' అన్న తేడా ఆఖరి అక్షరాల్లో తేలుతుంది. మనవాళ్లు చాలామంది సరిగ్గా అక్కడే గొంతు తగ్గిస్తారు. ఇంగ్లీషు పుస్తకాల్లో నిమిషానికి 120 నుంచి 150 మాటలు మాట్లాడాలని రాస్తారు. ఆ లెక్క మనకు కుదరదు. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి. 'వెళ్లిపోతున్నానన్నాడు' ఒక్క మాటే, ఇంగ్లీషులో అయితే నాలుగైదు.

యాస సంగతి కూడా చెప్పాలి. మాలో కొందరం మైకు ముందుకు రాగానే రేడియో వార్తల గొంతు తెచ్చుకునేవాళ్లం. 'పోతున్న' అనేవాడు 'వెళ్ళుచున్నాను' అనేవాడు. ఆ అరువు గొంతు మోయడానికే సగం బలం పోయేది. ప్రజాకవి కాళోజీ అప్పుడు హన్మకొండ నక్కలగుట్టలోనే ఉండేవారు. జనం పలుకుబడే అసలు భాష అని జీవితమంతా చెప్పిన మనిషి మా ఊళ్లోనే ఉండగా, మేము మా మాటకు మేమే సిగ్గుపడేవాళ్లం. "మీ ఇంట్ల ఎట్ల మాట్లాడ్తరో ఇక్కడ గట్లనే మాట్లాడుండ్రి. సంగతి మంచిగ రానియ్యి ముందు," అనేవారు సార్. ఇప్పుడు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు కాలేజీల్లో పిల్లలు యాసలో ధైర్యంగా మాట్లాడుతుంటే నాకు ఆ పదకొండో నంబరు రూము గుర్తొస్తుంది.

1996 సంక్రాంతికి సార్ మమ్మల్ని ఐనవోలు మల్లన్న జాతరకు పొమ్మన్నారు. దర్శనం అయ్యాక ఒగ్గు కథ దగ్గర కూర్చుని, కథకుణ్ని రెండు గంటలు విడవకుండా చూసి రమ్మన్నారు. చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ ఆ రోజు కొత్తగా చూశాను. ప్రధాన కథకుడు ఒక మాట అంటాడు, పక్కనున్న వంతగాడు "ఆఁ, అటెనక?" అంటాడు. జనం మనసులో ఏ ప్రశ్న పుట్టిందో దాన్నే వంతగాడు నోటితో అడుగుతాడు. డోలు జోరుగా మోగి మోగి, సరిగ్గా ముఖ్యమైన మాట ముందు టక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో కథకుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు. వేలమంది ఒక్కసారిగా ముందుకు వంగుతారు. అదే మనిషి రాజు అవుతాడు, అదే గొంతుతో గొర్లకాపరి అవుతాడు, కండువా తల మీదికి లాగితే ముసలవ్వ. జనగామ వైపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఈ కథను జాతరల నుంచి పెద్ద పెద్ద వేదికల దాకా మోసుకెళ్లారు. ఇంత గొప్ప ప్రసంగ విద్య కళ్ల ముందు పెట్టుకుని, మేము నాలుగు పేజీల వ్యాసం బట్టీ పట్టుకుంటూ కూర్చున్నాం.

మా గుంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు. సీసా మారింది ఆమె కోసమే. ఆ తర్వాత రెండు నెలలైనా మళ్లీ నిలబడి మాట్లాడలేదు. సార్ ఒత్తిడి చేయలేదు. ఒకరోజు తనే లేచింది. "మా అవ్వ బీడీలు చేస్తది," అంది, వాళ్లమ్మ గురించి. ఆగింది. మేమంతా ఊఁ అన్నాం. తునికాకు రాత్రే నీళ్లలో నానబెట్టడం, పొద్దున తడిగుడ్డలో చుట్టి, రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు పోసి చుట్టడం, 25 బీడీలకు ఒక కట్ట కట్టడం, వెయ్యి కావాలంటే అలాంటివి 40 కట్టడం. ఇంటికి చుట్టం వచ్చినా అవ్వ చెయ్యి ఆగదు. తన చిన్నప్పటి జ్ఞాపకాల్లో అవ్వ ముఖం కన్నా వంగిన ఆమె మెడే ఎక్కువ గుర్తుందంది. "నా ఫీజు ఎన్ని కట్టలో నాకు లెక్క తెలుసు," అని కూర్చుంది. మూడు నిమిషాలు అయిపోయి ఆరు అయింది, గడియారం ఎవరూ చూడలేదు. సీసాలో ఎన్ని గింజలు వేశావని సార్ నన్నడిగారు. ఆ రోజు గింజలు నా చేతిలోనే ఉండిపోయాయి.

వారం తర్వాత సార్ ఆమెను అదే సంగతి ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఇరవై వాక్యాలు, అన్నీ పొట్టివి. ఒక్క పెద్ద మాట లేదు. "మై మదర్ రోల్స్ బీడీస్" అని మొదలుపెట్టింది. వ్యాకరణం తప్పులు ఉండొచ్చు. కానీ మాకు మొత్తం అర్థమైంది, ఆమెకూ తను ఏం చెప్తోందో తెలుసు. నా మనసులో అప్పటిదాకా ఉన్న ముడి ఒకటి ఆ రోజు విడిపోయింది. ఇంగ్లీషు రాక మాట్లాడలేకపోతున్నామని మేమంతా అనుకునేవాళ్లం. చెప్పాల్సిన సంగతి మాతృభాషలోనే ఒక్కసారైనా బయటికి రాలేదు, ఇంక పరాయి భాషలో ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ నమ్మకం కుదిరే ముందు ఒక దెబ్బ కూడా తిన్నాం. ఇప్పుడు నిట్ అంటున్నామే, అప్పటి ఆర్ఈసీ, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడ విద్యార్థుల ఉత్సవానికి చూడటానికి వెళ్లాం. 'జామ్', అంటే 'జస్ట్ ఎ మినిట్' అనే పోటీ జరుగుతోంది. ఒక నిమిషం ఆగకుండా మాట్లాడాలి. తడబడకూడదు, అన్న మాట మళ్లీ అనకూడదు, విషయం దాటకూడదు. 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఆట అది, మన కాలేజీలకు పాకింది. పెద్ద పట్నాల పిల్లలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతూ, ఒకరి తప్పులు ఒకరు పట్టేస్తూ నవ్వుతుంటే, మేము వెనక గోడకు ఆనుకుని చూశాం. తిరుగు సిటీ బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. సార్‌కు చెబితే, "అది ఆట. మంచి ఆట. నోటికి వేగం నేర్పుతది. మీకు కావల్సింది వేగం గాదు ఇప్పుడు," అన్నారు. ఇవాళ ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో జామ్ చేయిస్తారు. నేనూ చేయిస్తాను. కానీ మొదటి నెలలో మాత్రం చేయించను.

రెండోసారి పోటీకి వెళ్లింది 1996 నవంబరులో. అంశం నీటి వనరుల సంరక్షణ. పాత అలవాటుగా రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి వెళ్లి పుస్తకాలు వెతికాను. 1904లో పెట్టిన గ్రంథాలయం అది, మా పేద విద్యార్థులందరికీ పేపర్లూ పుస్తకాలూ ఇచ్చిన ఇల్లు. ఐదారు పేజీలు రాసుకుని సార్‌కు చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీ బాపు ఏం పని చేస్తడు?" అన్నారు.

మా బాపు మా ఊరి చెరువుకు నీరటి. పొలాలకు చెరువు నీళ్లు పంచే మనిషి.

ఆ శనివారం ఊరికి పోయాను. పాకాల చెరువు కాకతీయులది, పెద్దది, అందరికీ తెలుసు. మా ఊరిది చిన్న చెరువు, పేరు కూడా బయటివాళ్లకు తెలియదు. పద్దెనిమిదేళ్లుగా బాపు ఏం చేస్తాడని నేనెప్పుడూ అడగలేదు. ఆదివారం పొద్దున కట్ట మీద కూర్చుని అడిగాను. మొదట "నీకెందుకురా గిదంత?" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఇంకాసేపటికి తనే మొదలుపెట్టాడు. చెరువు నిండి మత్తడి దూకిన ఏడాది ఎంత పారుతుంది, దూకకపోతే ఎన్ని ఎకరాలకే నీళ్లని తైబందీ చేయాలి, తూము ఎన్ని గంటలు తెరవాలి, రాత్రి నీళ్లు ఎవరి మడికి, పగలు ఎవరికి, కాలువలో పూడిక ఎప్పుడు తీయించాలి, గండి పడేముందు కట్ట ఎట్లా తడి చూపిస్తుంది. కల్లాల కాడ ఎకరానికి ఇన్ని వడ్లని రైతులు తనకు కొలిచే లెక్క కూడా చెప్పాడు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా చెప్పాడు. మా బాపు నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే ఇంకోటి చూశాను. ఆయకట్టు చివరి మడులవాళ్లు నలుగురు కోపంగా వచ్చారు, నీళ్లు అందడం లేదని. బాపు వాళ్లను కూర్చోమన్నాడు. చుట్ట అందించాడు. వాళ్లంతా అరిచేదాకా అరవనిచ్చాడు, ఒక్కమాట అడ్డం చెప్పలేదు. తర్వాత నెమ్మదిగా, "మల్లన్నా, నువ్వు చెప్పు, పోయినేడు ఇదే పొద్దుకు నీ మడిల ఎంత నీళ్లుండె?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో మాట మామూలు గొంతులోకి దిగింది. సార్ మాకు ఏడాదిన్నరకు పైగా నేర్పుతున్నదంతా బాపు చేతుల్లో ఉంది. ముందు వినడం, గొంతు తగ్గించడం, పేరు పెట్టి పిలవడం, ఆగడం, అన్నీ.

పోటీలో ఐదు నిమిషాలు మాట్లాడాను. "మా బాపు మా ఊరి చెరువుకు నీరటి" అన్నది మొదటి వాక్యం. ఆ వాక్యం, ఆఖరి వాక్యం మాత్రమే బట్టీ. మధ్యలోకి చిన్న చీటీ మీద మూడు మాటలు: మత్తడి, తూము, చివరి మడి. సార్ చెప్పినట్టు ఎడమ పక్క ఒక ముఖం, మధ్యలో ఒకటి, కుడి పక్క ఒకటి ఎంచుకుని వాళ్లతోనే మాట్లాడాను. తూము దగ్గర ఒకసారి ఆగిపోయాను. నోరు మళ్లీ ఎండింది. మూడో వరుసలో మా శనివారం గుంపు కూర్చుంది. నత్తి మిత్రుడు నా కళ్లలోకి చూసి చిన్నగా తలూపాడు. ఊఁ అని పెదవులు కదిలాయి. మాట వచ్చింది. రెండో బహుమతి, స్టీలు గిన్నె. అవ్వ చాలా ఏళ్లు పెరుగు తోడుపెట్టింది అందులోనే.

తర్వాత కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద సెమినార్లు. ప్లాస్టిక్ షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకునేవాళ్లం. ఒక్క షీటు ఖరీదు రెండుపూటల టిఫినంత, అందుకని ఆరు లైన్లకు మించి రాసేవాళ్లం కాదు. ఆ పొదుపే మంచి పాఠమైంది. ఇప్పుడు పవర్‌పాయింట్‌లో స్లైడుకు ఖర్చు లేదు. పిల్లలు పేరాలకు పేరాలు ఎక్కించి, మనకు వీపు చూపిస్తూ చదివేస్తారు.

నేను వరంగల్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. శనివారం సాయంత్రం మాత్రం ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్లలతో గుండ్రంగా కూర్చుంటాను. బయటి నుంచి వచ్చే శిక్షకులు కొందరు ఒక లెక్క చెప్పి పిల్లలను భయపెడతారు: మన మాటకు విలువ ఏడు శాతమే, గొంతుకు 38, ముఖానికీ ఒంటికీ 55 అని. ఇది మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన పరిశోధనలదే, కానీ ఆయన చూసింది వేరు. ఒక్క మాటను వేర్వేరు గొంతులతో పలికి, ముఖం ఫోటోలు జతచేసి చూపిస్తే, మాట్లాడేవారికి ఎదుటివారంటే ఇష్టమో కాదో వినేవాళ్లు దేన్ని బట్టి ఊహిస్తారన్నది ప్రశ్న. ప్రసంగంలో విషయానికి ఏడు శాతమే విలువని ఆయన అనలేదు. బీడీల గురించి చెప్పిన ఆ అమ్మాయి చేతులు కదపలేదు, నేల వైపే చూసింది. మేము ముప్పై ఏళ్లయినా మరచిపోలేదు. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు తేటపడటం చూస్తుంటాను.

హైదరాబాద్‌లో కొన్నాళ్లు టోస్ట్‌మాస్టర్స్ సమావేశాలకు వెళ్లాను. 1924లో అమెరికాలో శాంటా ఆనా అనే ఊళ్లో స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టిన, నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే సంఘం. అక్కడ "ఆఁ", "అంటే"లు లెక్కపెట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. సమయం చూపడానికి పచ్చ, పసుపు, ఎర్ర రంగులు వాడతారు. ఆ లెక్కల మనిషిని చూడగానే నాకు కళ్లు చెమర్చాయి. మా సార్ వాళ్ల గురించి విన్నారో, తనే కనిపెట్టారో అడగలేదు నేను.

పోయిన దసరాకు సార్ ఇంటికి వెళ్లాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంచెం తిరిగి వచ్చింది, మాట మాత్రం చాలా నెమ్మదించింది. ఒక్కో మాటకు మధ్య చాలా దూరం. నన్ను గుర్తుపట్టారు. ఎడమచేత్తో నా భుజం నొక్కి, "మీ... బాపు..." అన్నారు. ఆగిపోయారు.

చాయ తెచ్చిన వాళ్లబ్బాయి, "మీ బాపు బాగున్నడా అని అడుగుతుండు అన్నా," అన్నాడు. సార్ తల అడ్డంగా ఊపారు. అది కాదు. పెదవులు కదులుతున్నాయి, మాట ఇంకా అక్కడికి రాలేదు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. బయట ఎవరో పటాకులు కాల్చారు, అయిపోయాయి. చాయ మీద మీగడ కట్టింది.

"ఊఁ, సార్," అన్నాను.

"మీ బాపు... చెరువుల... ఈసారి... మత్తడి... దూకిందా?"